భుజాన మోసే పడవ: తోలుతిత్తి నుంచి గాలి పడవ దాకా

లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో అస్సీరియా రాజు రెండవ అషుర్‌నసిర్‌పాల్ కోట నుంచి తెచ్చిన రాతి ఫలకాలు ఉన్నాయి. క్రీ.పూ. 9వ శతాబ్దానివి. వాటిలో ఒకదాని మీద నది దాటుతున్న మనుషులు కనిపిస్తారు. పొట్ట కింద ఉబ్బిన మేకతోలు తిత్తి, ఆ తిత్తి మూతి నోట్లో, చేతులు నీళ్లలో. ఈదుతూనే గాలి ఊదుకుంటున్నారు. కొలిమి తిత్తిని, నీళ్లు మోసే తోలుసంచిని ఎరిగిన జాతికి ఆ బొమ్మ పరాయిదిగా తోచదు. ఈనాడు దుకాణంలో చుట్ట చుట్టి సంచిలో పెట్టి అమ్మే చిన్న గాలి పడవకు మనకు దొరికే తొలి వంశపత్రం ఆ రాయే. చెరువులో చేపలు పట్టడానికైనా, ఏటి ప్రయాణానికైనా, సముద్రపు ఒడ్డున తిరగడానికైనా ఒక గాలి పడవ కొనుక్కుందామనుకునేవారికి ఇప్పుడు అరడజను రకాలు ఎదురవుతాయి. చూపుకు అన్నీ ఒకే తల్లి బిడ్డల్లా ఉంటాయి గాని, ఒక్కొక్కటి ఒక్కో కాలంలో, ఒక్కో అవసరంలోంచి పుట్టింది. ఆ పుట్టుకలు తెలిస్తే ఎంపిక తేలికవుతుంది.

టైగ్రిస్ నది మీద వేల ఏళ్లు నడిచిన కెలెక్ అనే తెప్ప దగ్గర మొదలుపెట్టాలి. ఉబ్బించిన మేకతోళ్లను వరసగా కట్టి, వాటి మీద దుంగలు పరిచి, సరుకు వేసుకుని మోసుల్ నుంచి ప్రవాహం వెంట దిగువకు వచ్చేవారు. 1847లో పురావస్తు పరిశోధకుడు ఆస్టిన్ హెన్రీ లేయర్డ్ నిమ్రూద్‌లో తవ్వి తీసిన రెక్కల ఎద్దును, సింహాన్ని బస్రా రేవుకు పంపింది ఇలాంటి తెప్పల మీదే. ఒక్కో తెప్పకు 600 తోళ్లు కట్టారు. టన్నుల కొద్దీ బరువున్న రాతి విగ్రహాలను మేకతోళ్లలోని గాలి మోసింది. అయితే నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది ఆ తర్వాతి ఘట్టం. కెలెక్ ఎదురు ప్రవాహంలో పైకి రాలేదు. అందుకని దిగువకు చేరగానే దుంగలు అమ్మేసేవారు, తోళ్లలో గాలి తీసేవారు, మడిచి గాడిదల మీద వేసుకుని నేల దారిన ఇంటికి నడిచేవారు. నీటి మీద తాను మనిషిని మోసి, నేల మీద మనిషి చేత మోయించుకునే నావ అది. గాలి పడవ అసలు లక్షణం తేలడం కాదు, తేలడం ప్రతి పడవా చేస్తుంది. నేల మీద మోయనివ్వడమే దాని ప్రత్యేకత. ఆ తర్వాత వచ్చిన రకాలన్నీ ఒకే ప్రశ్నకు వేర్వేరు జవాబులు: ఎంత తేలికగా మోసుకెళ్లగలం, అందుకు బదులుగా నీటి మీద ఎంత గట్టిదనం వదులుకోవాలి?

ఆ ప్రశ్నకు పాతకాలంలో ఒక్కో సీమ ఒక్కో జవాబు చెప్పింది. క్రీ.పూ. 329లో అలెగ్జాండర్ సేన ఆక్సస్ నదిని, అంటే నేటి అము దర్యాను, దాటింది. గుడారాల తోళ్లలో ఎండు పొట్టు కూరి, కుట్టి, వాటి ఊతతో అయిదు రోజుల్లో దాటారు. అది గాలి కాదు, పొట్టు; పంక్చరు భయం లేని పద్ధతి. చైనాలో లాంజౌ దగ్గర హువాంగ్ హో మీద గొర్రెతోళ్ల తెప్పలు, మన దేశంలో బియాస్, సట్లెజ్ నదుల మీద ఉబ్బించిన గేదెతోళ్ల మీద బోర్లా పడుకుని కాళ్లతో నెట్టుకుంటూ జనాన్ని దాటించే పడవవాళ్లు ఇటీవలి తరాల దాకా ఉన్నారు. మన కృష్ణా, తుంగభద్రల మీద పుట్టెక్కినవారు మరో దారి పట్టారు. వెదురు బద్దలతో గుండ్రంగా అల్లి, పైన ఒకప్పుడు తోలు, ఈమధ్య తారు పూసిన గోనెపట్టా కప్పిన ఆ పుట్టిలో ఊదిన గాలి లేదు. కాని రేవు దిగాక దాన్ని బోర్లించి నెత్తిన పెట్టుకుని నడిచే జాలరిని చూసినవారికి అది ఆ కుటుంబానికే చెందిందని ఒప్పుకోవాలనిపిస్తుంది.

తోలు కుళ్లుతుంది, ఎండితే పగులుతుంది, నూనె పట్టిస్తూ ఉండాలి. ఆ బాధ తీర్చడానికి రబ్బరు రావలసి వచ్చింది. 1823లో స్కాట్లండ్‌కు చెందిన చార్లెస్ మాకింటోష్ రెండు బట్టల మధ్య రబ్బరు పొర పెట్టి నీరు చొరని గుడ్డను తయారు చేశాడు. అది చలికి బిరుసెక్కేది, ఎండకు జిగురయ్యేది. 1839లో అమెరికాలో చార్లెస్ గుడ్‌ఇయర్ రబ్బరును గంధకంతో వేడిచేస్తే ఆ రెండు దోషాలూ పోతాయని కనిపెట్టాడు. గాలిని ఏళ్ల తరబడి పట్టి ఉంచగల చర్మం మనిషి చేతికి అప్పుడే వచ్చింది.

ఆ చర్మంతో తొలి గొప్ప పడవ కుట్టినవాడు బ్రిటిష్ నౌకాదళంలో లెఫ్టినెంట్ పీటర్ హాల్కెట్. 1840ల నడుమ అతడు చేసిన వస్తువు ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది. వేసుకుంటే అది వాన కోటు. విప్పి, జేబులోని చిన్న కొలిమి తిత్తితో కొద్ది నిమిషాలు గాలి కొడితే ఒక మనిషిని మోసే పడవ. చేతికర్రకు పలక తొడిగితే తెడ్డు, గొడుగు విప్పితే తెరచాప. మొత్తం బరువు నాలుగు కిలోలు మించదు. అంచు చుట్టూ ఉన్న గాలి గొట్టాన్ని నాలుగు గదులుగా విడగొట్టాడు, ఒక గదికి చిల్లు పడినా తక్కిన మూడూ మనిషిని నిలబెట్టేలా. థేమ్స్ మీద ప్రయాణించి చూపించాడు. నౌకాదళ పెద్దలు తెలివైన పనే అని మెచ్చుకుని, మా పనికి మాత్రం రాదని పంపేశారు. కాని ఉత్తర ధ్రువ ప్రాంతానికి వెళ్లేవారు దాని విలువ గుర్తించారు. 1845లో సర్ జాన్ ఫ్రాంక్లిన్ యాత్రతో ఒకటి వెళ్లింది. ఆ యాత్ర తిరిగి రాలేదు. 1846లో బయలుదేరిన డాక్టర్ జాన్ రే మరొకటి తీసుకెళ్లి నదులు దాటడానికి వాడి, తన రాతల్లో మెచ్చుకున్నాడు. హాల్కెట్ పడవ ఒకటి ఆర్క్‌నీ దీవుల్లో స్ట్రామ్‌నెస్ మ్యూజియంలో ఇంకా ఉంది. కొనబోయే పడవలో ఎన్ని గాలి గదులున్నాయని ఈనాడు ఎవరైనా అడిగితే, ఆ ప్రశ్నకు మూలపురుషుడు హాల్కెట్టే. రెండు గదులకు తక్కువ ఉన్నదాన్ని లోతు నీళ్లలోకి తీసుకుపోకూడదన్నది నా దృఢమైన అభిప్రాయం.

అదే కాలంలో అమెరికా పశ్చిమ ప్రాంతాలను కొలుస్తున్న జాన్ ఫ్రెమాంట్ కూడా రబ్బరు పడవ పట్టుకెళ్లాడు. 1842లో అది ప్లాట్ నది సుడుల్లో తిరగబడి పరికరాలు, రాతలు చాలా నీటిపాలయ్యాయి. మరుసటి ఏడు మరో పడవ తీసుకుని కిట్ కార్సన్ తదితరులతో గ్రేట్ సాల్ట్ లేక్ మీదకు దిగాడు. ఈసారి పడవను హడావిడిగా చేశారు. అతుకులు కుట్టకుండా జిగురుతో అంటించారు. సరస్సు నడుమకు వచ్చేసరికి రెండు గొట్టాల అతుకులు వదలి గాలి కారడం మొదలైంది. ఒక మనిషి ఆపకుండా తిత్తి ఆడిస్తూ ఉంటే తక్కినవాళ్లు తెడ్లు వేసి దీవి చేరారు. గాలి పడవ చరిత్రలో ఓడింది గుడ్డ కన్నా అతుకే ఎక్కువ. ఇప్పటికీ పడవ కొనేటప్పుడు ముందు చూడవలసింది రంగు కాదు, అతుకు: వేడితో కరిగించి అతికించారా, చేతితో జిగురు రాశారా, లోపల బయట రెండు వైపులా పట్టీ వేశారా అన్నది.

ఆ తర్వాత అరవై డెబ్బై ఏళ్లు గాలి పడవ పెద్దగా ముందుకు సాగలేదు. 1860లలో నాన్‌పరీల్ అనే మూడు గొట్టాల తెప్ప న్యూయార్క్ నుంచి అట్లాంటిక్ దాటి ఇంగ్లండ్ చేరడం ఒక్కటే చెప్పుకోదగ్గ ఘట్టం. కదలిక ఆకాశం నుంచి వచ్చింది. 1896లో ఫ్రాన్సులో గాలిబుడగలు, గాలి ఓడలు తయారు చేయడానికి మోరీస్ మాలే స్థాపించిన సంస్థే తర్వాతి కాలపు జోడియాక్. 1920లో ఇంగ్లండ్‌లో రెజినాల్డ్ ఫాస్టర్ డాగ్నల్ తన పేరిట నెలకొల్పిన ఆర్.ఎఫ్.డి. విమానాలు నీట మునగకుండా తేలించే సంచులతో మొదలై పడవల వైపు మళ్లింది. గాలి ఓడల కాలం ముగిసిపోతున్నప్పుడు, ఆ గుడ్డ పని, అతుకు పని తెలిసిన చేతులు నీటి వైపు తిరిగాయి. 1930లలో జోడియాక్ ఇంజనీరు పియర్ దెబ్రుతెల్ రెండు గాలి గొట్టాలను పక్కపక్కన పెట్టి, ముందు కలిపి, వెనుక ఒక చెక్కతో బిగించిన రూపాన్ని తీర్చాడు. ముందు గుండ్రం, వెనుక పలక. మోటారు బిగించడానికి ఆ చెక్కే ఆధారమైంది. ఈనాడు గాలి పడవ అనగానే మన కళ్ల ముందు కదిలే రూపం అదే.

రెండవ ప్రపంచయుద్ధం గాలి పడవను వేలాది ప్రాణాలతో ముడివేసింది. పైలట్ కూర్చునే చోటనే మడిచి పెట్టిన చిన్న పడవ. తాడు లాగితే సిలిండరులోని కార్బన్ డయాక్సైడు బుస్సున పొంగి దాన్ని విప్పేది. 1942లో విమానం పసిఫిక్‌లో పడిపోయినప్పుడు ఎడ్డీ రికెన్‌బాకర్, అతడి తోటివారు మూడు రబ్బరు తెప్పలను ఒకదానికొకటి కట్టుకుని 24 రోజులు గడిపారు. 1943లో ఒలింపిక్ పరుగు వీరుడు లూయీ జాంపెరినీ 47 రోజులు తేలాడు. శత్రు విమానం తూట్లు పొడిచిన తెప్పకు నీళ్ల నడుమనే అతుకులు వేసుకుంటూ, పంపు కొట్టుకుంటూ బతికాడు. పడవతో పాటు వచ్చే అతుకుల పెట్టెను ఇంట్లో వదిలేసి వెళ్లేవారిని చూస్తే నాకు జాంపెరినీ గుర్తుకొస్తాడు.

యుద్ధం ముగిశాక మిగిలిన పడవలు చవకగా అమ్ముడుపోయాయి. రెండు కొత్త శాఖలు అక్కడే మొలిచాయి. కొలరాడో నదిలో గ్రాండ్ కాన్యన్ సుడుల్లోకి సైన్యపు పాత తెప్పలు దించినవారిలో జార్జీ వైట్ అనే స్త్రీ ముందు వరుసలో ఉంది. 1950లలో ఆమె తెప్పలను పక్కపక్కన తాళ్లతో కట్టి పెద్ద అలలు దాటించింది, మామూలు మనుషులను డబ్బుకు తీసుకెళ్లింది. రిషీకేశ్‌లో గంగ మీద ఇప్పుడు మనవాళ్లు ఎక్కే తెప్ప ఆ వంశానిదే: లావు గొట్టాలు, ముందూ వెనుకా పైకి లేచిన కొసలు, మోటారు లేదు. 1980లలో దానికి వచ్చిన మార్పు ఒక్కటే, కాని గొప్పది. గాలి నింపిన నేలను కాస్త ఎత్తులో పెట్టి అంచుల వెంట రంధ్రాలు వదిలారు. లోపల పడిన నీరు తనంతట తానే పోతుంది. అంతకు ముందు బకెట్లతో తోడిపోసేవారు. రెండో శాఖ డిక్ గ్రిఫిత్‌ది. దాన్ని తర్వాత చెప్పుకుందాం.

సముద్రం మీద గాలి పడవకు నమ్మకం తెచ్చినవాడు అలెన్ బోంబార్. ముప్ఫై ఏళ్లు నిండని ఫ్రెంచి వైద్యుడు. ఓడ మునిగి తెప్ప ఎక్కినవారు ఆకలి దప్పుల కన్నా నిరాశతోనే ముందు చనిపోతున్నారని అతడి వాదన. అది నిరూపించడానికి 1952 అక్టోబర్ 19న కెనరీ దీవుల్లోని లాస్ పామాస్ నుంచి నాలుగున్నర మీటర్ల జోడియాక్ ఎక్కి, చిన్న తెరచాప ఎత్తి, ఒంటరిగా బయలుదేరాడు. పడవకు ‘ఎరెతిక్’ అని పేరు పెట్టుకున్నాడు, మతధిక్కారి అని అర్థం. పచ్చి చేపలు, వాన నీళ్లు, కొద్దికొద్దిగా సముద్రపు నీళ్లు, మధ్యలో ఒక ఓడవారు పెట్టిన ఒక పూట తిండి. డిసెంబర్ 23న బార్బడోస్ చేరాడు. 65 రోజుల్లో 25 కిలోలు తగ్గాడు. సముద్రపు నీరు తాగవచ్చన్న మాటను తర్వాతి వైద్యులు ఒప్పుకోలేదు; నేనూ దాన్ని ఎవరికీ చెప్పను. పడవ మాత్రం నిలిచింది. 1958లో బ్రిటనీ తీరాన ఎతెల్ దగ్గర అలలు విరిగే చోట అతడు చేసిన ప్రయోగంలో తెప్ప తిరగబడి, రక్షించడానికి వచ్చిన పడవ కూడా బోల్తాపడి తొమ్మిది మంది చనిపోయారు. ఆ దుఃఖాన్ని కూడా ఈ చరిత్రలో రాయాల్సిందే. నడిసముద్రంలో మడమ తిప్పని గాలి పడవ ఒడ్డు దగ్గర విరిగే అలకు లొంగుతుంది. 1960లో కుదిరిన అంతర్జాతీయ సముద్ర భద్రతా ఒప్పందం గాలితో విప్పుకునే ప్రాణరక్షక తెప్పలకు ఓడల మీద చోటిచ్చింది.

ఇదే కాలంలో చర్మం కూడా మారింది. 1930లో డ్యూపాంట్ కంపెనీలో నియోప్రీన్ పుట్టింది; 1950లలో హైపలాన్ వచ్చింది. ఎండకు, ఉప్పుకు, పెట్రోలుకు తట్టుకునే హైపలాన్ పడవ బాగా చూసుకుంటే ఇరవై ఏళ్లు దాటినా నిలుస్తుంది. 2010 ప్రాంతంలో డ్యూపాంట్ దాని తయారీ మానుకున్నా ఆ పేరు మాత్రం వాడుకలో నిలిచిపోయింది. దానికి పోటీగా వచ్చిన పి.వి.సి. చవక, తేలిక, యంత్రంతో అతికించడం సులువు. కాని ఏళ్ల తరబడి ఎండలో పడి ఉంటే జిగటగా మారి అతుకులు వదులుతాయి. మన తెలుగు నేల మీద ఏప్రిల్, మే ఎండలు తెలిసినవారికి ఈ తేడా కాగితం మీది తేడా కాదు. ఏడాది పొడుగునా బయట ఉంచేదైతే హైపలాన్. వాడి, కడిగి, ఆరబెట్టి ఇంట్లో దాచేదైతే పి.వి.సి. చాలు. ఏదైనా సరే, మిట్టమధ్యాహ్నం ఒడ్డున ఎండలో వదిలేస్తే లోపలి గాలి వ్యాకోచించి అతుకును చీలుస్తుంది. కాస్త గాలి వదలాలి. నీళ్లలోకి దింపాక చల్లబడి మెత్తబడితే మళ్లీ కొట్టాలి.

1960లలో వేల్స్ తీరాన సెయింట్ డోనట్స్ కోటలో ఉన్న అట్లాంటిక్ కళాశాలలో రియర్ అడ్మిరల్ డెస్మండ్ హోర్ ప్రిన్సిపాల్‌గా ఉండేవాడు. విద్యార్థులే ఆ తీరంలో ప్రాణరక్షక దళంగా పనిచేసేవారు. గులకరాళ్ల ఒడ్డు మీద లాగేసరికి గాలి పడవల గుడ్డ అడుగులు చిరిగిపోయేవి. విసిగిపోయి అడుగున ప్లైవుడ్ బిగించారు. ఆ అతుకు పనిలోంచి గట్టి అడుగు, చుట్టూ గాలి గొట్టం ఉన్న కొత్త జాతి పుట్టింది. దాన్ని ఏళ్ల తరబడి సవరిస్తూ, 1969లో విద్యార్థులు కట్టిన ఒక పడవను బ్రిటన్ చుట్టూ సాగిన పోటీకి కూడా పంపారు. హోర్ తన పేటెంటును బ్రిటన్ ప్రాణరక్షక పడవల సంస్థ ఆర్.ఎన్.ఎల్.ఐ.కి ఒక్క పౌండుకు ఇచ్చేశాడు. ఆ సంస్థ 1963 నుంచే చిన్న గాలి పడవలు వాడుతూ ఉండేది. 1972లో అట్లాంటిక్ 21ని దించింది. ఎందరి ప్రాణాలో కాపాడిన ఆవిష్కరణను ఒక్క పౌండుకు ధారపోసిన ఆ ముసలి నావికుడికి చరిత్ర ఇంకా బాకీ ఉంది. గట్టి అడుగు అలను కోసుకుంటూ పోతుంది, వేగం ఇస్తుంది, తిన్నగా నడుస్తుంది. మడవడం మాత్రం పోయింది. మూడు మీటర్ల పడవే యాభై అరవై కిలోలు. ట్రైలరు కావాలి, పెట్టుకోవడానికి షెడ్డు కావాలి. కెలెక్ తోళ్లు గాడిద మీద ఇల్లు చేరినట్టు ఇది చేరదు.

మడిచి మోసే మెత్తని అడుగు ఒక కొస, మడవలేని గట్టి అడుగు మరో కొస. ఆ రెండు కొసల నడుమ మిగిలిందంతా నేల కథే. పడవ నేల అంటే మనం కాలు మోపే అడుగు. అన్నిటికన్నా చవకది చెక్క పలకల వరస. చాపలా చుట్టవచ్చు, కాని మోటారు పెడితే పడవ మధ్యలో వంగుతుంది. ప్లైవుడ్, అల్యూమినియం పలకలు జోడించి అడుగున వెన్నెముకలా ఒక గాలి గొట్టం పెడితే పడవ తిన్నగా, వేగంగా పోతుంది. బిగించడానికి ఇరవై నిమిషాల కుస్తీ, మోయడానికి ఇద్దరు. మూడోది ఈ కాలపు అద్భుతం. పైగుడ్డను, కిందిగుడ్డను వేలాది దారాలతో కలిపి కుడితే, గాలి కొట్టినప్పుడు అది బంతిలా ఉబ్బకుండా పలకలా బిగుసుకుంటుంది. 1956లో గుడ్‌ఇయర్ కంపెనీ గాలితో ఉబ్బే విమానాన్ని తయారు చేసింది ఇలాంటి గుడ్డతోనే. గొట్టాలలో చదరపు అంగుళానికి మూడు నాలుగు పౌండ్ల ఒత్తిడి ఉంటే, ఈ నేలలో ఎనిమిది పది పౌండ్లు పెట్టవచ్చు. ఒంటరిగా కారు డిక్కీలో వేసుకెళ్లి చిన్న మోటారుతో చేపలు పట్టుకునేవారికి నేనైతే ఈ గాలి నేలనే చెబుతాను.

మోటారే వద్దనుకున్నవారి పాయ వేరుగా పారింది. హవాయిలో ఆడ్రీ సదర్లాండ్ మొలొకాయ్ దీవి ఉత్తర తీరాన్ని మొదట ఈదుతూ, సామాన్ల మూటను వెంట లాక్కుంటూ చూసింది. ఆ తర్వాత సన్నని గాలి కయాక్‌కు మారింది. 1980లో 59 ఏళ్ల వయసులో ఒంటరిగా అలాస్కా తీరం పట్టుకుంది, ఏళ్ల తరబడి వేసవి వేసవికి వెళ్తూనే ఉంది. విమానంలో సామానుగా వేసుకెళ్లే పడవ కాబట్టే ఆ జీవితం ఆమెకు సాధ్యమైంది. నదిలోనో తీరం వెంటనో దూరం పోవాలనుకునేవారికి పొడుగాటి గాలి కయాక్. ఎదురుగాలిలో గుండ్రటి పడవ కదలదు.

ఇక డిక్ గ్రిఫిత్. 1952లోనే సైన్యపు పాత తెప్పతో మెక్సికోలోని కాపర్ కాన్యన్‌లో దిగినవాడు. 1982లో అలాస్కాలో హోప్ నుంచి హోమర్ దాకా కాలినడకన సాగే పోటీలో, 55 ఏళ్ల వయసులో, కుర్రాళ్లంతా మంచునీటి నది ముందు ఈదడానికి జంకుతుంటే సంచిలోంచి చిన్న రబ్బరు పడవ తీసి ఊది ఎక్కి వెళ్లిపోయాడు. కుర్రాళ్లు ఆ పాఠం మరువలేదు. 2000 ప్రాంతంలో అలాస్కాలోనే షెరీ టింగీ అనే కుట్టుపని తెలిసిన స్త్రీ, తన కొడుకు నడక ప్రయాణాలకు పనికొచ్చే గట్టి, తేలికైన పడవ కుట్టడం మొదలుపెట్టింది. అల్పాకా అనే పేరుతో అది పరిశ్రమైంది. రెండు మూడు కిలోల బరువు, మడిస్తే సంచిలో ఓ మూల. హాల్కెట్ కోటు నూట యాభై ఏళ్ల తర్వాత మళ్లీ భుజమెక్కింది.

దుకాణాల్లో బొమ్మలతో పాటు అమ్మే పల్చని ప్లాస్టిక్ పడవల గురించి రెండు మాటలు. పిల్లలతో అడుగులోతు నీళ్లలో ఆడుకోవడానికి అవి బాగుంటాయి. ఒడ్డు నుంచి సముద్రం వైపు వీచే గాలి ఉన్న రోజున ఆ పడవను తీరంలో దించకూడదు. అంత తేలికైన దాన్ని గాలి తోసుకుపోతుంటే తెడ్డు చాలదు.

మన జనం గాలి మీద తేలడం రబ్బరు పడవలు కొనకముందే నేర్చుకున్నారు. ఈత నేర్చుకునే పిల్లవాడి నడుముకు సొరకాయ బుర్రలు కట్టిన తరం ఉంది. ఆ తర్వాత లారీ ట్యూబు వచ్చింది. జలాశయాల మీద ట్యూబు నడుమ వల అల్లుకుని కూర్చుని, చిన్న చెక్కలను తెడ్లుగా వాడుతూ చేపలు పట్టే జాలర్లు తెలంగాణలోనూ ఆంధ్రలోనూ ఇవాళ్టికీ ఉన్నారు. అది అస్సీరియా తిత్తికి నేరుగా వారసురాలు. ఒకే గాలి గది, ఒకే వాల్వు, కాబట్టి ప్రమాదం కూడా అంతే పాతది.

2006లో జాతీయ విపత్తు స్పందన దళం ఏర్పడినప్పటి నుంచి మోటారు బిగించిన రబ్బరు పడవ వరదల్లో మనకు తెలిసిన దృశ్యమైంది. 2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ మునిగినప్పుడు ఫ్లైఓవర్ దిగువే రేవు అయింది. అక్కడ లారీల మీంచి పడవలు దించి, గాలి కొట్టి, నేల పలకలు బిగించి, భుజాల మీద నీటి అంచుకు మోసుకెళ్లారు. వీధి సందుల్లో మోకాలి లోతు నుంచి మెడ లోతు దాకా మారే నీళ్లలో, గోడలకు తగిలినా నొచ్చకుండా, ముసలివారు మేడ మెట్ల నుంచి కాలు పెట్టగానే పక్కకు ఒరగకుండా అవి తిరిగాయి. నీళ్ల కింది ఇనుప కంచెలు, గేటు కొసలు మాత్రం వాటికి ప్రాణాంతకం. అందుకే ముందు ఒకరు గెడతో తడుముతూ ఉండాలి. వరద తీశాక బురద కడిగి, గాలి వదిలి, చుట్టచుట్టి పడవలను మళ్లీ లారీలకెత్తారు.